శ్వాసను కాచిన వైద్యుడు: డాక్టరు ఎడ్వర్డు లారీ జీవితము

క్రీ. శ. 1846వ సంవత్సరము వైద్యచరిత్రలో మరువరానిది. ఆ యేట అక్టోబరు 16వ తేదీన అమెరికా దేశమందలి బోస్టను నగరమున ఒక రోగికి ఈథరు ఆవిరిని పీల్పించి, నొప్పి తెలియకుండ శస్త్రచికిత్స చేసి చూపిరి. ఆ యేటనే మన హైదరాబాదు నగరమున నాసిరుద్దౌలా నిజాము కాలములో వైద్యపాఠశాల వెలసెను. ఆ యేటనే ఎడ్వర్డు లారీ జన్మించెను. ఎక్కడి బోస్టను, ఎక్కడి హైదరాబాదు! అయినను మత్తుమందు చరిత్రలో మన రాజధాని పేరు శాశ్వతముగా నిలుచుటకు ఈ లారీయే కారకుడయ్యెను. ఒకనాడు లండను మొదలు కలకత్తా వఱకు వైద్యుల నోట నానిన పేరు ఆయనది. రోగి సుఖముగా నిదురించి క్షేమముగా మేల్కొనుటకు ఏమి చేయవలెను అను ఒక్క ప్రశ్నకై ఆయన తన జీవితములోని శ్రేష్ఠభాగమును ధారపోసెను. ఆ ప్రశ్నకు ఆయన కనుగొన్న సమాధానములో కొంత నిలిచినది, కొంత కూలినది. రెండును తెలిసికొనదగినవే.

శస్త్రచికిత్స యనగా నేడు మనకు కలుగు భయము వేఱు. ఆ కాలపు భయము వేఱు. మత్తుమందు లేని దినములలో రోగిని బల్లకు కట్టివేసి, బలముగల మనుష్యులు కాళ్లు చేతులు అదిమి పట్టుకొనగా, వైద్యుడు కత్తి పట్టెడివాడు. ఎంత త్వరగా కోసి ముగించిన అంత గొప్ప వైద్యుడని ప్రసిద్ధి. నొప్పికి తాళలేక ప్రాణములు విడిచినవారును కలరు. కోతకు ఒప్పుకొనక రోగముతోనే మరణించినవారు అంతకంటె హెచ్చు.

1847 నవంబరు మాసములో ఎడింబరో నగరమున జేమ్సు సింప్సను అను వైద్యుడు క్లోరోఫారమును ప్రవేశపెట్టెను. దాని వాసన తియ్యనిది. కొద్దిపాటి మందు చాలును. యంత్రములతో పని లేదు. ఒక చేతిరుమాలున్న చాలును. ఈథరువలె వేడిదేశములలో ఇట్టె ఎగిరిపోదు, దీపము సోకగానే భగ్గుమనదు. ఇన్ని సుగుణములుండుటచే అది శీఘ్రకాలములోనే దేశదేశములకు ప్రాకెను.

అయితే మేలు వెంటనే కీడును వచ్చెను. 1848 జనవరి 28వ తేదీన ఇంగ్లండులో న్యూకాసిలు సమీపమున హానా గ్రీనరు అను పదునైదేండ్ల బాలికకు కాలివ్రేలి గోరు తీయుటకై క్లోరోఫారము పట్టిరి. కొన్ని నిమిషములలోనే ఆ బాలిక ప్రాణము పోయెను. గోరు తీయించుకొనుటకు వచ్చిన పిల్ల శవమై ఇల్లు చేరెను. అది మొదలు అప్పుడొకటి అప్పుడొకటిగా ఇట్టి మరణములు వినవచ్చుచుండెను. రోగి చచ్చునంతటి రోగము కాదు. కోత పెద్దది కాదు. మత్తులోనే ప్రాణము పోయెడిది.

ఈ మరణములు ఎట్లు సంభవించుచున్నవి? ఇచ్చట వైద్యలోకము రెండు పక్షములయ్యెను. లండనులో జాను స్నో మొదలగువారు క్లోరోఫారము గాఢత మితిమీరినచో గుండెనే ఆపివేయగలదనిరి. ఎడింబరోలో జేమ్సు సైము అను ప్రసిద్ధ శస్త్రవైద్యుడు దానిని లెక్కచేయక, ముందు చెడునది శ్వాసయనియు, దానిని కనిపెట్టుకొనియున్నచో ఆపద రాదనియు బోధించెను. ఇది పండితుల వాదము మాత్రమే కాదు. గుండెయే ముందు ఆగునట్లయిన రోగి తలవద్ద నిలిచినవాడు నాడిని పట్టి చూడవలెను. శ్వాసయే ముందు ఆగునట్లయిన ఱొమ్ము కదలికను చూడవలెను. అతని చూపు ఎచ్చట నిలువవలెను అను దానిమీద రోగి ప్రాణము వ్రేలాడుచుండెను.

ఎడ్వర్డు లారీ ఎడింబరో విశ్వవిద్యాలయమున వైద్యవిద్య నభ్యసించి, 1867లో పట్టము పొందెను. ఆయన ఆ సైము వద్దనే ఆసుపత్రిలో సహాయకుడుగా పనిచేసెను. గురువు చేతిక్రింద ఎందఱో రోగులు క్లోరోఫారము పీల్చి, కోత ముగిసినపిదప క్షేమముగా కనులు తెఱచుట కన్నులార చూచెను. గురువు మాట ఆయన మనస్సున శిలాక్షరమయ్యెను. గురువు మాట శిష్యుని కంటికి వెలుగైనను కావచ్చును, గంతయైనను కావచ్చును. లారీ జీవితములో ఈ రెండును జరిగెను.

1872లో లారీ భారత వైద్యసేవలో చేరి మన దేశమునకు వచ్చెను. లాహోరు వైద్యపాఠశాలలో శస్త్రవైద్యము బోధించెను. 1885లో హైదరాబాదు రెసిడెన్సీ వైద్యుడుగా నియమింపబడి, వైద్యపాఠశాలకు అధ్యక్షుడయ్యెను. అంతవఱకు ఉర్దూలో నడచిన బోధన ఆయన కాలమున ఆంగ్లమునకు మాఱెను. స్త్రీలును ఆ పాఠశాలలో చేరి వైద్యము చదువసాగిరి. మూసీ యొడ్డున 1866లో కట్టిన అఫ్జల్‌గంజ్ ఆసుపత్రియే ఆనాడు నగరమునకు పెద్ద ఆసుపత్రి. మన మెదకుసీమయు అప్పుడు నిజాము రాజ్యములోనిదే. కౌడిపల్లి నుండి నర్సాపురము మీదుగా నగరము చేరవలెననిన ఆనాడు బండిప్రయాణమే గతి. అంతదూరము పోయి కత్తిక్రింద పడుకొనుటకు ఎంత గుండెనిబ్బరము కావలెనో చదువరులు ఊహింపగలరు.

లారీ తన శిష్యులకు సైము పద్ధతినే నేర్పెను. మత్తుమందు పట్టువానికి ఒక్కటే పని. అతడు కోతవైపు తొంగిచూడరాదు, నాడి పట్టుకొని కూర్చుండరాదు, కేవలము రోగి శ్వాసనే కనిపెట్టవలెను. ఈ పద్ధతిలో తనకు మరణములు లేవని లారీ ప్రకటించెను. సీమలోని వైద్యులు నమ్మలేదు. ఒక్కని అనుభవము ఎంత పెద్దదైనను అందఱకు ప్రమాణము కాజాలదు గదా! లారీ దీనిని గ్రహించెను. అనుభవము మాత్రమే చాలదని, పరీక్షచేసి చూపవలెనని నిశ్చయించుకొనెను.

1888లో మొదటి హైదరాబాదు క్లోరోఫారము సంఘము ఏర్పడెను. పాట్రిక్ హెహిరు మొదలగు వైద్యులు అందులో పనిచేసిరి. 141 కుక్కలకు క్లోరోఫారమిచ్చి, ముందు ఆగునది శ్వాసయా గుండెయా అని గమనించిరి. శ్వాసయే ముందాగుచున్నదని, గుండె ఆపైని కొంతసేపు కొట్టుకొనుచునే యున్నదని తేలెను. లండనులోని లాన్సెట్ అను వైద్యపత్రిక ఈ ఫలితములను శంకించెను. సరియైన యంత్రములు లేక చేసిన పరీక్ష తుదిమాట కాజాలదని దాని యభిప్రాయము.

అప్పుడు ఆఱవ నిజాము మహబూబు అలీఖాను ప్రభుత్వము చేసిన పని మెచ్చదగినది. శంకించినవారిపై కినుక వహింపక, మీరు నమ్మిన నిపుణుని మీరే పంపుడు, వ్యయము మేము భరింతుమని వేయి పౌనులు ఇచ్చుటకు ముందుకు వచ్చెను. లాన్సెట్ పత్రిక లండనులో పేరుపొందిన లాడరు బ్రంటను అను వైద్యుని పంపెను. క్లోరోఫారము గుండెనుగూడ ఆపగలదని అంతకుముందు తలచినవాడే ఆయన. తన పక్షమువానిని గాక ప్రతిపక్షము తలపుగలవానిని పిలిచి పరీక్షకు కూర్చుండబెట్టుట సత్యముపట్ల లారీకి గల ధైర్యమును చూపుచున్నది.

1889 అక్టోబరు మొదలు డిసెంబరు వఱకు రెండవ సంఘము పనిచేసెను. లారీ, బ్రంటను, బాంఫర్డు, మన వైద్యుడగు రుస్తుంజీ అందు ముఖ్యులు. కుక్కలు, గుఱ్ఱములు, కోతులు, మేకలు, పిల్లులు, కుందేళ్లు కలిసి 490 జంతువులపై పరీక్షలు జరిగెను. వానిలో 120 జంతువుల విషయమున రక్తపీడనము కొలుచు యంత్రము నుంచి, అది గీసిన గీతలనన్నిటిని ఛాయాచిత్రములు తీయించిరి. ఇందఱు మూగజీవుల ప్రాణములు పోయినవి. మనుష్యుల క్షేమమునకై వెచ్చించిన ఆ మూల్యమును మనము మఱచిపోరాదు. తుదకు బ్రంటను తన యభిప్రాయమును మార్చుకొని, క్లోరోఫారమువలని ఆపద ఊపిరాడకపోవుటచేతను, మందు మితిమీరుటచేతను కలుగునదేగాని నేరుగ గుండెవలన కలుగునది కాదని లండనునకు తంతివార్త పంపెను. హైదరాబాదు పేరు వైద్యపత్రికల నిండ మ్రోగెను.

ఈ సంఘము తన నివేదికలో రోగిపరిచర్యకు సంబంధించిన నియమములను గూర్చి చెప్పిన మాటలు సామాన్యులకును అర్థమగునవి. వానిలో ముఖ్యమైనవి ఇవి.

మొదటిది: రోగిని వెల్లకిల పరుండబెట్టవలెను. మెడ, ఱొమ్ము, కడుపు మీద బిగుతు బట్ట ఉండరాదు. వైద్యుడుగాని సహాయకులుగాని తెలియక ఆ భాగములపై చేయి ఆనించి ఒత్తరాదు.

రెండవది: విలువైన యంత్రములు అక్కఱలేదు. గుడ్డతో కట్టిన గరాటువంటి టోపీలో కొంచెము దూది యుంచి, దానిపై మందు పోసిన చాలును. కాని దానిని మొదటనే ముక్కుమీద అదిమిపెట్టరాదు. కొంత దూరముగ పట్టి, గాలి ధారాళముగ తగులనిచ్చి, అలవాటైనకొలది దగ్గఱకు తేవలెను. పిల్లలు, భయపడినవారు పెనగులాడి ఊపిరి బిగబట్టుదురు; ఆ మీదట ఒక్కసారిగ గట్టిగ పీల్చుటలో మందు మితిమీరిపోవును. కావున వారిని తొందరపెట్టక, పెనగులాటకు ఎడమీయక మందు పట్టవలెను.

మూడవది: కంటిపాపపై తాకినను ఱెప్ప కదలనపుడు మత్తు చాలినదని తెలిసి మందు ఆపవలెను. తెలివి వచ్చు జాడ కానవచ్చినపుడు మాత్రము మరల కొద్దిగ ఈయవలెను.

నాలుగవది: మందు పట్టువాని కన్ను ఆదినుండి తుదివఱకు శ్వాసమీదనే యుండవలెను.

అయిదవది: శ్వాసలో ఏ మాత్రము అడ్డు కలిగినను వెంటనే గడ్డము పైకెత్తవలెను; అవసరమైన నాలుకను ముందుకు లాగిపట్టవలెను. శ్వాస ఆగినచో క్షణము జాగుచేయక కృత్రిమశ్వాస కల్పింపవలెను.

లారీ శిష్యవర్గములో రూపాబాయి ఫర్దూంజీని పేర్కొనవలెను. ఈమె పారసీక వనిత. హైదరాబాదు వైద్యపాఠశాలలో చదివి 1889లో పట్టము పొందినది. అది మొదలు నగరములోని ఆసుపత్రులలో రోగులకు క్లోరోఫారము పట్టుటయే ముఖ్యవృత్తిగ స్వీకరించెను. లోకములో ఈ వృత్తి నవలంబించిన తొలి స్త్రీలలో ఈమెను ఒకతెగ చెప్పుదురు. తరువాత ఎడింబరో వెళ్లి పైచదువును చదివెను. ఘోషాలోనుండు స్త్రీలు పురుషవైద్యుని ముందు ముఖము చూపుటకే జంకు కాలమది. అట్టివారి తలవద్ద ఒక స్త్రీ నిలిచి ధైర్యము చెప్పి నిద్రపుచ్చుట ఎంతటి ఊఱటయో చెప్పనక్కఱలేదు.

ఇంతవఱకు లారీ విజయగాథ. ఇక రెండవ భాగము చెప్పకున్న కథ సగమే యగును. హైదరాబాదు నివేదిక వెలువడిన పిదపను ఇంగ్లండులో క్లోరోఫారము మరణములు ఆగలేదు. శ్వాస చక్కగ నడుచుచుండగనే నాడి తటాలున ఆగినదని కొందఱు వైద్యులు వ్రాసిరి. 1893లో కేంబ్రిడ్జిలో గాస్కెలు, షోరు అను శాస్త్రజ్ఞులు పరీక్షచేసి, క్లోరోఫారము నేరుగ గుండె బలమును తగ్గించి రక్తపీడనమును పడవేయునని చూపిరి. లారీ ఒప్పుకొనలేదు. శ్వాసను సరిగ కనిపెట్టియున్నచో ఆ రోగులు మరణించియుండరని, అది మందు పట్టినవాని ఏమఱుపాటేయని వాదించెను. ఆ మాటలో సగము సత్యము. తక్కిన సగము, కన్నుమూయక కనిపెట్టియుండియు రోగిని పోగొట్టుకొన్న వైద్యులపట్ల అన్యాయము. ఒకనాడు ప్రతిపక్షమువానిని పిలిపించి పరీక్ష చేయించిన లారీయే నేడు ప్రతిపక్షము పరీక్షలను త్రోసివేయజొచ్చెను. గురువు మాట వెలుగుగా నుండుట మాని గంతగా మాఱినది ఇచ్చటనే.

లారీ 1901 వఱకు హైదరాబాదులో సేవచేసి స్వదేశమునకు మరలెను. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనదికి వచ్చిన మహాప్రవాహములో అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి కొట్టుకొనిపోయెను. దాని స్థానముననే తరువాత ఉస్మానియా ఆసుపత్రి భవనము లేచెను.

1911లో లండనులో గుడ్‌మన్ లీవీ అను వైద్యుడు పిల్లులపై పరీక్షలు చేసి అసలు గుట్టు బయటపెట్టెను. క్లోరోఫారము మితిమీరినపుడు మాత్రమే కాదు, చాలీచాలక యిచ్చినపుడును ఆపదయే. మత్తు తేలికగానున్న సమయమున, భయముచేతనో ఉద్రేకముచేతనో దేహములో ఊరు ఎడ్రినలిను అను ద్రవము రక్తములో కలిసినచో, గుండె లయ తప్పి గిలగిల కొట్టుకొని హఠాత్తుగ ఆగిపోవును. అప్పుడు శ్వాస ఇంకను నడుచుచునే యుండును. గోరు తీయించుకొనుటకు వచ్చి బెదరిన ఆ హానా గ్రీనరు మరణమునకు ఇదియే కారణమై యుండునని తరువాతివారిలో పలువురు తలచిరి.

మఱి హైదరాబాదు పరీక్షలు అబద్ధములా? కావు. మందు మితిమీరినపుడు ముందు ఆగునది ఏది అను ప్రశ్నకు హైదరాబాదులో లభించిన సమాధానము ప్రధానముగ సరియైనదే. చాలని మందుతోను, అదరిన గుండెతోను కలుగు మరణము వేఱొక ప్రశ్న. ఆ రెండవదానికి సమాధానము దొరకకమునుపే మొదటి సమాధానమును అన్నిటికి చాలునని తలచుట జరిగిన పొరపాటు.

ఇందులో వింతయేమనగా, లారీ సిద్ధాంతము కూలినను ఆయన నియమములు కూలలేదు. రోగిని బెదరనీయకుడు, పెనగులాడనీయకుడు, మెల్లమెల్లగ నిద్రపుచ్చుడు అని ఆ నియమములు చెప్పినవి. బెదరుటయే గుండెకు శత్రువని లీవీ చూపినపిదప ఆ మాటలకు మఱింత బలము వచ్చెను. లారీ ఊపిరి కొఱకు చెప్పినది గుండెకును కాపుదలయయ్యెను. రోగికి ఊఱట కలిగించుట దయాగుణము మాత్రమే కాదు, ప్రాణరక్షణ యనియు దీనివలన తేలినది.

డాక్టరు లారీ 1915లో కాలధర్మము నొందెను. క్లోరోఫారమును గూడ వైద్యులు క్రమముగ విడిచిపెట్టిరి. నేడు అంతకంటె క్షేమకరమగు మందులు వచ్చినవి. నాడిని, రక్తపీడనమును, రక్తములోని ప్రాణవాయువును క్షణక్షణము చూపు యంత్రములు వచ్చినవి. శ్వాసయా నాడియా అను పాతతగవు తీఱి, రెండును కనిపెట్టవలెనని స్థిరపడినది. అయినను ఆపరేషను ముగిసి రోగిని వెలుపలికి తెచ్చినపిదప నర్సు మొట్టమొదట చూచునది ఊపిరి చక్కగ ఆడుచున్నదా అనియే. గుఱక వినిపించిన గడ్డము పైకెత్తును. వాంతి వచ్చునట్లున్న ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టును. నొప్పికి మందిచ్చి, చలి వేయకుండ కప్పి, పేరుపెట్టి పిలిచి ధైర్యము చెప్పును. ఈ పనులలో ప్రతిదాని వెనుకను ఎవరో ఎన్నడో చేసిన పరీక్ష, ఎవరో కోల్పోయిన ప్రాణము కలవు.

మన యిండ్లలో ఎవరికైన ఆపరేషను తటస్థించినపుడు మనము చేయదగిన సాయమును కొంత కలదు. సాధారణముగ మత్తునకు ముందు ఆఱు గంటలు అన్నము మొదలగునవి, రెండు గంటలు మంచినీరు మానుమని చెప్పుదురు. వైద్యుడు ఏ గడువు చెప్పిన ఆ గడువు పాటింపవలెను. ఆకలికి తాళలేడను జాలితో చాటుగ పెట్టిన ముద్ద మత్తులో వాంతియై ఊపిరితిత్తులలో పడి ప్రాణము తీయగలదు. బీడీ, కల్లు అలవాట్లను, వాడుచున్న మందులను దాచక చెప్పవలెను. రోగి చుట్టును చేరి కంటతడి పెట్టుట, ఊరిలో ఎవరో ఆపరేషనులో పోయినారను కథలు చెప్పుట మానవలెను. ఆపరేషను పిదప గట్టిగ ఊపిరి పీల్చుమనియు, లేచి కూర్చుండుమనియు, నాలుగడుగులు నడువుమనియు నర్సు చెప్పినపుడు, పాపము పచ్చిపుండు గదా యని మనవారు అడ్డుపడుదురు. అట్లు అడ్డుపడరాదు. కదలక పడియున్న ఊపిరితిత్తులలో కఫము చేరును, కాళ్లలో నెత్తురు గడ్డకట్టును. నర్సు చెప్పునది మన రోగి మేలునకే.

లారీ జీవితమునుండి గ్రంథాలయ చదువరులు గ్రహింపదగినది మఱొకటి కలదు. గురువు చెప్పినను, గ్రంథము చెప్పినను, తన యనుభవమే చెప్పినను పరీక్షకు నిలిచినదానినే నమ్మవలెను. ఈ ధర్మమును లారీ తన నడివయస్సులో ఆచరించి లోకమునకు మేలు చేసెను. తరువాత దానిని మఱచి వాదములో చిక్కుకొనెను. ఆయన గొప్పతనమును కీర్తించునపుడు ఈ రెండవదానిని దాచనవసరము లేదు. ఒక గ్రంథమును చదివి అదియే వేదమని తలపక, దాని ప్రక్కనున్న మఱొక గ్రంథమునుగూడ తెఱచి చూచుటకే గదా గ్రంథాలయములు వెలసినవి! ఇరువదియైదేండ్లు నిండిన మన కౌడిపల్లి గ్రంథాలయము అట్టి చదువరులను ఇంకను ఎందఱనో తీర్చిదిద్దునుగాక!